గదిని సరిచేశాకే మైక్ కొనండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. మూడేళ్లుగా గిటార్ వాయిస్తూ పాడుతున్నాడు. ఇంట్లోనే రికార్డింగ్ చేసుకుంటానంటూ 60 వేల రూపాయల జాబితా రాసిచ్చాడు. రెండు కండెన్సర్ మైకులు, స్టూడియో స్పీకర్లు, గోడకు అంటించే ఫోమ్, ఇంటర్‌ఫేస్ అందులో ఉన్నాయి. కొనివ్వమంటారా? ఈ పని నేర్చుకుంటే బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక మైక్ ఉంచి మిగతావి జాబితాలోంచి తీసేయండి. చిన్న గదిలో స్పీకర్లు పెడితే మూలల్లో బేస్ (కింది స్థాయి శబ్దం) పేరుకుపోయి ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు వినిపిస్తుంది. అంగుళం మందం ఫోమ్ పైస్థాయి మెరుపును మాత్రమే పీల్చుకుంటుంది, కింది గుబగుబ అలాగే ఉండిపోతుంది. ఆ డబ్బు దండగే.

మొదట గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్టు కొట్టమనండి. వెనకాలే టింగుమని చిన్న మోత వచ్చిందంటే అది ప్రతి టేక్‌లోనూ (ఒక్కో రికార్డింగులోనూ) ఉంటుంది, తర్వాత తీసేయడం చాలా కష్టం. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాలు కన్నా పరుపులు, బట్టల బీరువా ఉన్న పడకగది ఎప్పుడూ మేలు. రెండు మందపాటి బొంతలను పాడేవాడి వీపు వెనక వేలాడదీయాలి. చాలామంది పొరపాటున మైక్ వెనక కడతారు. ఈ మైకులు ముందున్న దాన్నే ఎక్కువగా వింటాయి కాబట్టి, గాయకుడి వెనక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దమే వాటిలో పడుతుంది.

ఇక కొనాల్సినవి: రెండు ఇన్‌పుట్లు, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా కండెన్సర్ మైక్‌కు అందే కరెంటు) ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైక్, చెవులను పూర్తిగా మూసే వైర్డ్ హెడ్‌ఫోన్స్, బూమ్ స్టాండ్ (మైక్‌ను పక్కకు చాచి పట్టే స్టాండ్), ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైక్ వైరు), పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ). బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పనికిరావు, శబ్దం ఆలస్యంగా చేరి లయ తప్పిస్తుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ తీసుకోండి, అది చిన్న శబ్దాన్ని కూడా పట్టేస్తుంది. రోడ్డు పక్క ఇల్లయితే షూర్ ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ మైక్ నయం. దానికి ఫాంటమ్ అక్కర్లేదు కానీ గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే మీట) ఎక్కువ పెట్టాలి. పొదుపుగా ఎంచుకుంటే జాబితాలో సగం డబ్బుకే ఇవన్నీ వస్తాయి. మిగిలిన దాంట్లో కొత్త తీగల సెట్లు రెండు కొనండి. తుప్పుపట్టిన తీగలను ఏ మైకూ బాగు చేయలేదు.

గిటార్ విషయంలో అందరూ చేసే తప్పు, మైక్‌ను సౌండ్ హోల్‌కు ఎదురుగా పెట్టడం. శబ్దం అక్కణ్ణుంచే వస్తుంది కదా అనుకుంటారు. ఆ రంధ్రం దగ్గర గిటార్ పెట్టెలోని గాలి ఊగుతూ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలను ఉబ్బిస్తుంది, జీ కార్డ్ కొట్టినప్పుడల్లా బొయ్యిమంటుంది. మైక్‌ను 12వ ఫ్రెట్‌కు (మెడ మీది లోహపు మెట్టుకు) ఎదురుగా, జానెడు దూరంలో ఉంచి, మూతిని మెడ పెట్టెను కలిసే చోటు వైపు కొద్దిగా తిప్పాలి. గుబగుబమంటుంటే రెండు అంగుళాలు మెడ వైపుకి, పలచగా ఉంటే రంధ్రం వైపుకి జరపాలి. ఈ రెండంగుళాల కదలికతో వచ్చే తేడా ఈక్వలైజర్‌తో అరగంట కుస్తీ పట్టినా రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకొకరు మైక్‌ను జరుపుతుంటే మంచి చోటు త్వరగా దొరుకుతుంది. ఆ పని మీరే చేయొచ్చు.

సాఫ్ట్‌వేర్‌కు మొదట్లో ఖర్చు వద్దు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. విండోస్‌లో రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. రికార్డింగ్ నాణ్యతను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌కు పెట్టుకోవాలి. గట్టిగా వాయించే భాగం వాయిస్తూ గెయిన్ సరిచేస్తే సాఫ్ట్‌వేర్‌లోని మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. 24 బిట్‌లో తక్కువ స్థాయిని తర్వాత పెంచుకోవచ్చు, సున్నా దాటి చిట్లిన శబ్దాన్ని మాత్రం ఎవరూ పూర్తిగా అతికించలేరు. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తోందంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట నొక్కాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క పరిమాణాన్ని) 128కి దించాలి. మిక్స్ చేసేటప్పుడు (రికార్డు చేసినవాటిని కలిపి సరిచేసేటప్పుడు) 512కి పెంచుకోవాలి, లేకపోతే ల్యాప్‌టాప్ టపటపలాడుతుంది.

పాట, గిటార్ ఒకేసారి రికార్డు చేస్తే గొంతు గిటార్ మైక్‌లో, గిటార్ గొంతు మైక్‌లో పడి, ఒకదాన్ని సరిదిద్దితే రెండోది చెడుతుంది. ముందుగా క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని పాడుతూ వాయించి గైడ్ ట్రాక్ (దారి చూపే ముసాయిదా రికార్డింగు) చేసుకోవాలి. దాన్ని వింటూ గిటార్ ఒక్కటే, ఆ తర్వాత గొంతు ఒక్కటే తీయాలి. చివరి కార్డ్ మోగి మెల్లగా తగ్గుతున్నప్పుడు హెడ్‌ఫోన్స్‌లోంచి క్లిక్ బయటికి కారి, ఆ నిశ్శబ్దంలో టిక్ టిక్‌మని దొరికిపోతుంది. చివరి బార్‌కు క్లిక్ ఆపేయాలి. పాడేటప్పుడు మైక్ నోటికి ఆరు అంగుళాల దూరంలో, కాస్త పక్కకు తిరిగి ఉండాలి. దగ్గరైన కొద్దీ బేస్ పెరుగుతుంది, ప, బ అక్షరాలు ఢమ్మంటాయి.

సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో ఇది శిక్షే, కాబట్టి టేక్‌కు ముందు చల్లబరిచి, ఆపి, మూడు నిమిషాల్లో ముగించుకోవాలి. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే జుయ్యిమంటే పీకేసి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ పోకపోతే ఆ సాకెట్ ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

మిక్సింగ్‌లో మొదటి ఆరు నెలలూ మూడు పనులు చాలు. గొంతుకు 80 హెర్ట్జ్ కింద కోత పెట్టడం, హెచ్చుతగ్గులను వాల్యూమ్‌తో సరిచేయడం, రివర్బ్ (పెద్ద గదిలో పాడినట్టు మోత) కొద్దిగా వేయడం. గిటార్‌కు కోత ఇంకా కిందకు పెట్టాలి, ఎందుకంటే లావు తీగ ఇ స్వరం 82 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది.

ఇక బతుకుతెరువు. కవర్ పాటలు పాడి యూట్యూబ్‌లో సంపాదించడం మీద ఆశ పెట్టుకోవద్దు. హక్కులున్నవాళ్లు క్లెయిమ్ చేస్తే ప్రకటనల డబ్బు సాధారణంగా వాళ్లకే పోతుంది. సొంత బాణీలు, సాహిత్యం విడుదలయ్యాక ఐపీఆర్‌ఎస్‌లో (స్వరకర్తలు, గీత రచయితల హక్కుల సంస్థ) సభ్యత్వం తీసుకోవచ్చు, పాటను బయట వాడినప్పుడు వచ్చే రాయల్టీని అది వసూలు చేసి పంచుతుంది. నిలకడైన పని మాత్రం వేరే వైపు ఉంది: డబ్బింగ్, ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్ట్ ఎడిటింగ్, వేదిక మీద లైవ్ సౌండ్. వీటన్నిటికీ ఇంట్లో నేర్చుకున్న ఈ చెవే పెట్టుబడి.

పుణేలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ సంస్థలో సౌండ్ కోర్సులున్నాయి, వాటికి డిగ్రీ తప్పనిసరి. కాబట్టి ఇంటర్ తర్వాత డిగ్రీ మానిపించొద్దు. సంగీతంతో పాటు ఆడియో టెక్నాలజీ నేర్చుకోవాలంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ (సంగీత కళాశాల) ఉంది. ఏదైనా ఫీజు కట్టే ముందు స్టూడియోలో విద్యార్థి స్వయంగా పనిచేసే గంటలు వారానికి ఎన్నో అడిగి రాయించుకోండి.

మొదటి మూడు నెలలూ ఒకే పాటను నెలకోసారి కొత్తగా రికార్డు చేయమనండి. మూడు ఫైళ్లనూ ఒకే హెడ్‌ఫోన్స్‌లో వరసగా వినండి. మూడోది మొదటిదానికన్నా తేటగా, లయ నిలిచి వినిపిస్తే రెండో మైక్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా, వాడు గది తలుపు వేసుకున్నప్పుడు కుక్కర్ పెట్టకుండా చూడండి.