జాబ్‌షీట్‌లో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టండి

ప్రశ్న: మా పాప తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎం.సి.ఏ. చదువుతోంది. పోయిన దసరా ఆఫర్‌లో తిరుపతిలోనే ఒక షోరూంలో లాప్‌టాప్ కొనిచ్చాం. పని చేసుకుంటుండగా ఉన్నట్టుండి నీలం స్క్రీన్ వచ్చి, దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే విండోస్ మళ్లీ వేసి పంపుతారు. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. గట్టిగా అడిగితే "మా దగ్గర బాగానే పనిచేస్తోంది మేడం" అంటారు. షోరూం వాళ్లేమో "అమ్మడం వరకే మాది, కంపెనీతో చూసుకోండి" అంటున్నారు. ఏడాది వారంటీ అయిపోవస్తోంది. ఏం చేయమంటారన్నా?
– ఒక తల్లి, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఇంట్లో ఉన్న పాత జాబ్‌షీట్లు, అంటే మెషీన్ తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చే కాగితాలు, బయటికి తీసి, సమస్య రాసే గడిలో ఏముందో చూడండి. చాలావాటిలో "ఓఎస్ ఇష్యూ", "స్లో" అని రెండు ముక్కలే ఉంటాయి. నేను తిరుపతిలో కొర్లగుంట వైపు లాప్‌టాప్‌లు బాగుచేస్తుంటాను. వారంటీ దాటాక నా దగ్గరికి వచ్చేవాళ్ల చేతుల్లో ఇలాంటి కాగితాలే కనబడతాయి. జబ్బు వారంటీలోనే మొదలైంది, కానీ ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. మదర్‌బోర్డు ఖరీదు చెప్పాలంటే నాకు నోరు రాదు.

కాబట్టి ఈసారి కౌంటర్ దగ్గర నిలబడి, మీ మాటల్లోనే రాయించండి: "వాడుతుండగా నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ఇదే సమస్యతో ఇంతకుముందూ ఇచ్చాం. విండోస్ మళ్లీ వేసినా తగ్గలేదు." అది ఉంటేనే సంతకం. తిరిగి తీసుకునేటప్పుడు ఏ పార్టు మార్చారో రాయించండి. ఏమీ మార్చకపోతే ఆ మాటే రాయమనండి.

"మా దగ్గర బాగానే ఉంది" అనేది ప్రతిసారీ అబద్ధం కాదు. ర్యామ్‌లోనో, ఎస్‌ఎస్‌డీలోనో, బోర్డులోనో వచ్చిపోయే లోపం ఉంటే, వేడెక్కి గంటలకొద్దీ పని చేసినప్పుడే బయటపడొచ్చు. ఏసీ గదిలో పది నిమిషాలు ఆన్ చేసి చూస్తే ఏం తెలుస్తుంది? తిరుపతి ఎండలో, హాస్టల్ గదిలో ఆ పిల్ల రాత్రి దాకా ప్రోగ్రాములు నడిపితే తెలుస్తుంది. అందుకని రుజువు మీరే పట్టుకెళ్లాలి. స్క్రీన్ మీద కిందుగా స్టాప్ కోడ్ అని ఒకటి వస్తుంది, పాపను ఫోన్‌తో ఫొటో తీయమనండి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ హిస్టరీ అని కొడితే ఏ రోజు ఏం కూలిందో ఎర్ర గుర్తులతో కనబడుతుంది, అదీ ఫొటో తీయాలి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అని (కూలినప్పుడల్లా విండోస్ రాసిపెట్టుకునే ఫైళ్లు) ఉంటే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. విండోస్ కొత్తగా వేస్తే ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి, అందుకే ఇచ్చేముందే ఈ పని కావాలి.

కంపెనీల సొంత పరీక్ష కూడా మెషీన్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తూనే డెల్‌లో ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్ ఎంచుకుంటే, హెచ్‌పీలో ఎఫ్2 నొక్కితే వస్తుంది. పొడవైన టెస్టు ఎంచుకుని రాత్రి పెట్టి పడుకోమనండి. అందులో ఎర్రర్ కోడ్ వస్తే, అది వాళ్ల పరీక్షే కాబట్టి కాదనడం కష్టం.

ఇంకో సంగతి. పాప ప్రాజెక్టు ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోవాలి, డేటాకు వారంటీ ఉండదు. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే, బోర్డు మార్చాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా పాప మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోమనండి. వారంటీ ఉన్నంతవరకు బయట ఎవరిచేతా విప్పించకండి. నా దగ్గరికి తెచ్చినా నేను విప్పను.

కంపెనీ వెబ్‌సైటులో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ చివరి తేదీ చూడండి. కొన్నిసార్లు మీ బిల్లు తేదీ కంటే ముందునుంచే లెక్కేసి ఉంటారు. బిల్లు పంపితే సరిచేస్తారు. ఆ తేదీ లోపల కంపెనీకి ఈమెయిల్ వెళ్లాలి, షోరూంకి కూడా కాపీ పెట్టాలి. పాత జాబ్‌షీట్లు జతచేసి, పార్టు మార్చండి, లేదంటే మెషీనే మార్చండి అని నేరుగా అడగండి. మళ్లీ విండోస్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. అదనపు వారంటీ కొనుక్కోమంటారేమో, వాళ్లు ఇప్పుడు చేయాల్సిన పనికి మళ్లీ మీరు డబ్బు కట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

బదులు రాకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దీనికి భయపడకండమ్మా. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే, అంటే చిత్తూరులోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. అమ్మిన షోరూంని, తయారుచేసిన కంపెనీని ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. కమిషన్ అవసరమనుకుంటే మెషీన్‌ని ల్యాబ్‌కి పంపుతుంది, లోపం తేలితే మార్చి ఇమ్మనో, డబ్బు వాపసిమ్మనో చెప్పే అధికారం దానికుంది. మామూలుగా 3 నెలలు, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు, అందుకే ముందు ఈమెయిల్, 1915 దారులు వదలొద్దన్నాను.

బిల్లు మీవారి పేరున ఉన్నా ఇబ్బంది లేదు, ఆయన అనుమతితో వాడే పాప కూడా చట్టం లెక్కలో వినియోగదారే. షోరూం ఇచ్చింది నున్నటి థర్మల్ కాగితం బిల్లయితే మాత్రం అక్షరాలు వెలిసిపోతాయి, ఈరోజే జిరాక్స్ తీయించండి.