వైఫై స్కాన్‌లో దొరికిన పేర్లను సీరియల్ కన్సోల్ మీద ప్రింట్ చేస్తే టెర్మినల్ చెడిపోతోంది, లాగ్‌లో సంబంధంలేని లైన్లు వస్తున్నాయి. ఎస్కేప్ ఎలా చేయాలి?

ఎస్ఎస్ఐడీని, అంటే వైఫై నెట్‌వర్క్ పేరును, సీ స్ట్రింగ్ (సున్నా బైటుతో ముగిసే అక్షరాల వరస) అనుకోవడంతోనే తంటా మొదలవుతుందండి. అది 0 నుంచి 32 బైట్ల ముడి డేటా. మధ్యలో సున్నా బైటు రావచ్చు, చివర ఉండకపోవచ్చు. అందుకే పొడవును ఎప్పుడూ వెంటే ఉంచుకోండి. విలువ 27 ఉన్న బైటు (ఎస్కేప్ అక్షరం) వస్తే ఆ తర్వాతి అక్షరాలను టెర్మినల్ ఆజ్ఞలుగా తీసుకుంటుంది. 10 (కొత్త లైన్ గుర్తు) వస్తే దొంగ లాగ్ లైన్ పుడుతుంది. ఇక ఆ పేరునే ప్రింట్ఎఫ్‌కు (సీలో ప్రింట్ చేసే ఫంక్షన్‌కు) ఫార్మాట్‌గా ఇస్తే, అందులోని % గుర్తులు స్టాక్‌లోని విలువలను బయటపెడతాయి. ఆ పని మాత్రం ఎన్నడూ చేయకండి.

32 నుంచి 126 దాకా ఉన్న బైట్లను అలాగే వదలండి. మిగతావన్నీ, వాటితోపాటు డబుల్ కోట్, బ్యాక్‌స్లాష్ కూడా, బ్యాక్‌స్లాష్ తర్వాత మూడు ఆక్టల్ (0 నుంచి 7 దాకా) అంకెలుగా రాయండి: 27 అయితే \033, బ్యాక్‌స్లాష్ అయితే \134. బ్యాక్‌స్లాష్‌ను వదిలేస్తే నిజంగా 27 వచ్చిందో, ఎవరో పేరులోనే \033 అని నాలుగు అక్షరాలు పెట్టారో చెప్పలేం.

ఆక్టల్ బదులు హెక్స్ (పదహారు అంకెల పద్ధతి) వద్దంటాను. సీ లిటరల్‌లో హెక్స్ ఎస్కేప్ వెనక వచ్చే హెక్స్ అంకెలన్నిటినీ కలిపేసుకుంటుంది, ఆక్టల్ మూడంకెల దగ్గర ఆగుతుంది. అయితే మూడూ రాయాల్సిందే. \33 అని రాసి పక్కన 7 వస్తే అది \337 అయిపోతుంది. పైగా లైబ్రరీ అక్కర్లేదు: బైటును 6, 3, 0 బిట్లు కుడికి జరిపి, ప్రతిసారీ 7తో యాండ్ చేసి 48 ('0' అక్షరం కోడ్) కలిపితే చాలు.

ఎక్కువగా దెబ్బతినేది చార్ సైన్ దగ్గర, అంటే సీలోని చార్ రకం రుణసంఖ్యలను పట్టుకుంటుందా (సైన్డ్) లేదా (అన్‌సైన్డ్) అన్న దగ్గర. ఏఆర్ఎమ్ లినక్స్‌లో చార్ మామూలుగా అన్‌సైన్డ్, ఎక్స్86లో సైన్డ్. బోర్డు మీద బాగా నడిచిన కోడ్ పీసీలో తప్పుతుంది. తెలుగు పేరు పెట్టి చూడండి: 'త' అంటే 224, 176, 164, అంటే \340\260\244. సైన్డ్ చార్‌లో 224 కాస్తా -32 అవుతుంది. దాన్ని ప్రింట్ఎఫ్‌తో ఆక్టల్‌లో రాస్తే 37777777740 వస్తుంది, మూడంకెలకు ఉంచిన చోటు దాటి పక్క మెమరీ మీద పడుతుంది. ఈజ్‌ప్రింట్‌కు (అక్షరం ప్రింటబులా అని చూసే ఫంక్షన్‌కు) రుణసంఖ్య ఇవ్వడమూ తప్పే. బైటు చదవగానే అన్‌సైన్డ్ చార్‌గా మార్చండి.

ఒక్కో బైటుకు నాలుగు అక్షరాలు, చివర సున్నా బైటు కలిపి బఫర్ 32 × 4 + 1 = 129 బైట్లు. అంతకన్నా చిన్నదైతే ప్రతి బైటుకు ముందు 5 ఖాళీలు ఉన్నాయో లేదో చూసుకోండి, సగం ఎస్కేప్ దగ్గర తెగకూడదు. ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ (బఫర్‌లోకి హద్దుతో రాసే ఫంక్షన్) తిరిగి ఇచ్చేది రాసిన పొడవు కాదు, కావలసిన పొడవు. దాన్ని చూడకుండా పొజిషన్‌కు కలిపితే మిగిలిన చోటు లెక్క సున్నా కిందికి పోయి, అన్‌సైన్డ్ కాబట్టి, భారీ సంఖ్యగా మారుతుంది.

లినక్స్ కెర్నల్‌లోనైతే ప్రింట్‌కేకు (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్‌కు) ఎస్ఎస్ఐడీల కోసమే అన్నట్టు పీఈ (%pE) ఫార్మాట్ ఉంది, పొడవును ఫీల్డ్ విడ్త్‌గా ఇవ్వాలి. కానీ డిఫాల్ట్‌గా అది ప్రింటబుల్ అక్షరాలను ముట్టుకోదు, బ్యాక్‌స్లాష్‌తో సహా. లాగ్ చదువుకోవడానికి అది చాలు. ఆ లాగ్ నుంచి అసలు బైట్లను తిరిగి రాబట్టాలంటే పై పద్ధతే వాడండి.