పిల్లల డాక్టర్ దగ్గర ఇచ్చే పది ప్రశ్నల ఫారం

సందేహం: మేం అమెరికా వచ్చి ఏడాది కాలేదు. నెల క్రితం పాప పుట్టింది. పాపను చెకప్‌కి తీసుకెళ్తే మా ఆవిడకి ఒక ఫారం ఇచ్చారు. నవ్వగలుగుతున్నారా, ఏడుపొస్తోందా అన్నీ అలాంటి ప్రశ్నలే. ఆమె రోజూ ఏడుస్తోంది. కానీ నిజం రాస్తే పాపను తీసుకుపోతారని, వీసాకి ఇబ్బందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు.

నిజమే రాయమనండి. డిప్రెషన్ ఉందని తల్లి దగ్గర్నుంచి బిడ్డను లాక్కుపోరు. డిప్రెషన్‌కి మందులు వాడినంత మాత్రాన వీసా పోదు. ఇన్సూరెన్స్ మీ కంపెనీదే అయినా, డాక్టర్ మీ మేనేజరుకు చెప్పడు.

కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ ఉందేమో చూసే ఆ ఫారం పేరు ఎడిన్‌బరో స్కేల్. 1987 నుంచి వాడుకలో ఉంది. గడిచిన వారం రోజులు ఎలా గడిచాయో పది ప్రశ్నల్లో అడుగుతారు. నేనుండే న్యూజెర్సీలో బాలింతలను ఇలా అడగాలని 2006లోనే చట్టం వచ్చింది. అంతకుముందు గవర్నర్ భార్య మేరీ జో కోడీ తన డిప్రెషన్ గురించి అందరి ముందూ చెప్పుకున్నారు. ఆవిడకు లేని సిగ్గు మనకెందుకు?

స్కోరు ఎక్కువొస్తే డిప్రెషన్ ఖాయమని కాదు. కూర్చోబెట్టి మాట్లాడతారు, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని. దానికి అవునంటే ఆ రోజే విడిగా మాట్లాడతారు. అందుకే, దయచేసి మీరు పక్కన నిలబడి ఆమె బదులు జవాబులు చెప్పకండి. భర్త ముందు, అత్తగారి ముందు ఆ మాట ఏ ఆడపిల్లా చెప్పదు. ఇంగ్లీష్ ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫోన్లో కలుపుతారు, డబ్బు తీసుకోరు.

కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే కళ్ళు చెమర్చడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. మీరు చెప్పేది నెల దాటిన సంగతి, ఆగకండి. 'మా అమ్మ నలుగుర్ని కన్నది, ఇవన్నీ లేవు' అనే మాట మాత్రం ఆమె ముందు ఎత్తకండి. ఆ అమ్మకు పుట్టింట్లో పథ్యం వండేవాళ్ళు, బిడ్డకు నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ మీరు ఆఫీసుకెళ్తే మీ ఆవిడకి తోడు ఆ నాలుగు గోడలే. తండ్రులకూ ఈ డిప్రెషన్ వస్తుంది, పదిమందిలో ఒకరికి. మీకూ నిద్ర పట్టక, ఊరికే కోపమొస్తుంటే మీరూ చెప్పుకోండి.

పాలిచ్చే తల్లికి మందులెలా అంటారేమో. సెర్‌ట్రలిన్ లాంటివి పాలల్లోకి చాలా తక్కువ వెళ్తాయి. డాక్టర్‌తో మాట్లాడకుండా మందూ ఆపొద్దు, పాలూ ఆపొద్దు.

రాత్రిళ్ళు నిద్రే లేకపోయినా అలసట లేకుండా తిరగడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, పాప గురించి వింత మాటలు మొదలైతే అది వేరే జబ్బు. వెయ్యిమందిలో ఒకరిద్దరికే వస్తుంది గానీ ప్రాణాల మీదికి తెస్తుంది. దిష్టి, గాలి అంటూ ఊరికి ఫోన్లు చేస్తూ కూర్చోకుండా 911కి చేయండి. మామూలు బెంగకైతే 1-833-852-6262 ఉంది. బాలింతల కోసమే పెట్టిన నంబర్, రాత్రీ పగలూ ఉచితం, మెసేజ్ అయినా పెట్టొచ్చు.

ఇంకోటి. అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ ఒకేసారి రప్పించకండి. ముందు మీ అత్తగారిని పిలవండి, ఆవిడ వెళ్ళే వారానికి మీ అమ్మ దిగేలా టికెట్లు తీయండి.