మలేషియాలో కూడా 420 అంటే మోసమే

"మలేషియాకి చట్టాలు బ్రిటిష్ వాళ్ళే తెచ్చారా? అంతకుముందు అక్కడ న్యాయం లేదా?" అని అడిగారు. నేను లాయర్ని కాదు. కౌలాలంపూర్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను, అంతే.

వెళ్ళిన కొత్తలో బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఇల్లు చూపించిన ఒకతనికి రెండు నెలల డిపాజిట్, నెల అద్దె కట్టాను. తాళంచెవి ఇచ్చాడు. సాయంత్రం పెట్టెలతో వెళ్తే అది తాళానికి పట్టలేదు. లోపల్నుంచి ఒక చైనీస్ ముసలావిడ భయంభయంగా తొంగి చూసింది. అతని ఫోన్ స్విచాఫ్. మా ఆఫీసులో ఒక తెలుగన్న ఉండేవాడు. వాళ్ళ తాత బాగన్ డాటో కొబ్బరి తోటల్లో పనికొచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఆ అన్నే నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. అంతా విన్న పోలీసాయన కాగితం మీద పెన్నుతో ఒక అంకె వేశాడు: 420.

"ఇక్కడ కూడా ఫోర్‌ట్వంటీయేనా అన్నా?"

"అదే తమ్ముడూ. హత్య అయితే 302."

ఆ టెన్షన్‌లో కూడా ఒళ్ళు జలదరించింది. డబ్బు తిరిగి రాలేదు గానీ, ఆ అంకె ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టాను.

పెనాంగ్, మలక్కా, సింగపూర్‌లని 1867 దాకా పాలించింది మన దేశంలోని బ్రిటిష్ సర్కారే. మెకాలే ముసాయిదా మీద 1860లో మనకి చేసిన శిక్షాస్మృతినే 1871లో అక్కడికీ దించారు. సాక్ష్యాల చట్టం, కాంట్రాక్టుల చట్టం కూడా మన 1872 నాటి వాటి అచ్చులే. అందుకే చట్టం లండన్ నుంచి వచ్చిందంటే ఒప్పుకోను. ముందు మన మీద ప్రయోగించి చూశాకే వాళ్ళకి పంపారు. మనం 2024 జులైలో ఆ నంబర్లు మార్చేసుకున్నాం, వాళ్ళు ఇంకా వాడుతున్నారు.

అంతకుముందు న్యాయం లేదనడం మాత్రం అన్యాయం. మలక్కా సుల్తానులకి రాతపూర్వక ధర్మశాస్త్రమే ఉండేది. అలాంటి చోట, ముస్లిం చట్టం ఇక్కడికి పరాయిది కాదు, ఈ నేల చట్టమేనని 1927లో రామా-లాటన్ కేసులో అప్పీలు కోర్టు చెప్పాల్సి వచ్చింది. సొంత గడ్డ మీద సొంత చట్టానికి, పరాయి దేశపు చట్టానికి అడిగినట్టు, సాక్షుల్ని తెచ్చి రుజువు చూపించుకోవాలా?

భూమి సంగతైతే నాకు కడుపుమంట. మా నాన్నగారి ఎకరానికి పాసుపుస్తకంలో ఒక విస్తీర్ణం, అడంగల్‌లో ఇంకొకటి. అక్కడ ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన టారెన్స్ పద్ధతి, రిజిస్టర్లో పేరుంటే యజమాని కిందే లెక్క. రబ్బరు తోటల కంపెనీల డబ్బుకి భద్రత కావాలనే పెట్టారని నా నమ్మకం.

కానీ నెగరి సెంబిలాన్ రాష్ట్రంలో పాత ఆచారం ఆ రిజిస్టర్లోకే ఎక్కింది. 1909 చట్టంతో తల్లి వైపు వంశాల్లోని ఆడవాళ్ళ భూములకి 'ఆచార భూమి' అని రాశారు. అక్కడి నుంచి వచ్చిన మా సహోద్యోగిని తన ఇంటి స్థలం అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి తనకి వచ్చిందనీ, ఇక తన కూతురికేననీ చెప్పింది. అన్నదమ్ములు అడగరా అన్నాను. ఆ ప్రశ్నే ఆవిడకి అర్థం కాలేదు.