పెరటి మడికి చుక్క నీరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఇంట్లో అయిదుగురం. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. 20 లీటర్ల బకెట్టు, రెండు డ్రిప్ పైపులు ఉన్న చిన్న కిట్టు ఇస్తామని ఒక సంస్థ వాళ్ళు వచ్చి చెప్పారు. రోజుకు రెండు బకెట్లు పోస్తే చాలు, ఇంటిల్లిపాదికీ ఏడాది పొడవునా కూరగాయలు పండుతాయంటున్నారు. నిజమేనా? తీసుకోమంటారా?
— ఒక గృహిణి, అనంతపురం జిల్లా

జవాబు: తీసుకోండమ్మా. అయితే రెండు బకెట్ల మాట చలికాలానికి సరిపోతుంది గాని వేసవికి సరిపోదు. ఇంటిల్లిపాదికీ ఏడాది పొడవునా అన్నది మాత్రం ఆ కొద్దిపాటి నేలతో అయ్యే పని కాదు. ఈ సంగతి ముందే తెలిస్తే మీరు నిరాశపడరు కాబట్టి లెక్క కాస్త వివరంగా చెబుతాను.

ఇటువంటి కిట్టులో సాధారణంగా 15 మీటర్ల పైపులు రెండు ఉంటాయి. అడుగుకొక మొక్క చొప్పున సుమారు 100 మొక్కలకు నీరు అందుతుంది. మన ఎర్ర నేలల్లో, అందులోనూ ఇసుక పాలు ఎక్కువగా ఉన్నచోట, నీరు పక్కలకు పాకడం కన్నా కిందికి దిగిపోవడమే ఎక్కువ కాబట్టి, పైపు వెంట తడిసే పట్టీ 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే గొప్ప. అంటే మీరు నిజంగా తడిపేది 12 చదరపు మీటర్ల నేల. ఒక చదరపు మీటరు నేలకు ఒక మిల్లీమీటరు నీరు పెట్టడమంటే ఒక లీటరు పోయడమే. డిసెంబరు, జనవరి నెలల్లో కూరగాయలకు రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. 36 నుంచి 48 లీటర్లు, అంటే రెండు బకెట్లు లేదా కాస్త పైన. ఏప్రిల్, మే నెలల్లో అయిదారు మిల్లీమీటర్లయినా కావాలి. 60 నుంచి 72 లీటర్లు, అంటే మూడు బకెట్లు లేదా ఇంకాస్త పైన. వడగాలి వీచే రోజుల్లో అదీ చాలదు.

ఇప్పుడు ఇంటి నీళ్ళ లెక్క చూడండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, మీ అయిదుగురికి 275 లీటర్లు రావాలి. అవన్నీ సక్రమంగా వచ్చినా తాగడానికి, వంటకు, స్నానాలకు, బట్టలకు, ఉంటే గేదెకు పోగా పెరటికి మిగిలేది ఎంతో మీకే తెలుస్తుంది. ఒక వారం పాటు రోజూ మిగిలిన బిందెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే మడి ఎంత ఉండాలో నిర్ణయించుకోండి. 40 లీటర్లే మిగిలే ఇంట్లో మే నెలలో రెండు పైపులూ నడిపితే 100 మొక్కలూ సగం దాహంతో ఉండి, పూత రాల్చి, ఏదీ కాయదు. అదే ఫిబ్రవరి చివర్లోనే ఒక పైపు వరుస పంట ముగించి, ఆ పైపును మడిచి కట్టేసి, ఉన్న నీళ్ళన్నీ రెండో వరుసలోని 50 మొక్కలకే ఇస్తే అవి వేసవి దాటుతాయి. ఆ వరుసలో వంగ, మిరప వంటి, నెలల తరబడి కాసేవి ఉంచుకోవడం మేలు. మొదటి వరుసను ఈశాన్య రుతుపవనాల పదునులో, అక్టోబరు నాటికి టమాట నాటుకుని వాడుకోండి. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలు ఒత్తుగా పెరగాలి కాబట్టి అడుగుకొక చుక్క వాటికి సరిపడదు. బకెట్టు నింపేటప్పుడు ఒలికే నీళ్ళు పడేచోట చిన్న మడి కట్టి చల్లుకుంటే సరి.

ఈ బకెట్టు పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాకు చెందిన రిచర్డ్ చాపిన్ అనే డ్రిప్ తయారీదారు 1970లలో పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌కు వెళ్ళి, అక్కడి కరువు చూసి, కరెంటూ మోటారూ అక్కరలేని డ్రిప్ మీద పనిచేయడం మొదలుపెట్టారు. తర్వాత కెన్యాలో ఆ దేశపు వ్యవసాయ పరిశోధనా సంస్థే ఈ కిట్లను రైతులకు అందించింది. జింబాబ్వేలో 2000 తర్వాత కరువు సాయంగా వేల కిట్లు పంచారు. వాటి గతి ఏమైందని మన పటాన్‌చెరులో ప్రధాన కార్యాలయమున్న ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు అక్కడ పరిశీలిస్తే, ఎక్కువ భాగం మూడేళ్ళలోపే మూలపడ్డాయని తేలింది. నీళ్ళ వనరు దూరంగా ఉండటం, వేసవిలో అది ఎండిపోవడం, విరిగిన భాగం దొరకకపోవడం, ఇచ్చినవారు మళ్ళీ వచ్చి చూడకపోవడం వంటివి ఇందుకు కారణాలు. కిట్టు ఇస్తామంటున్నవారిని మీరు అడగవలసినవి కూడా ఇవే. రెండో ఏడు పైపు చిరిగితే, ఫిల్టరు పోతే ఎవరిని అడగాలో, ఎక్కడ దొరుకుతుందో ముందే చెప్పించుకోండి.

మరొక్క మాట. బకెట్టును నేల నుంచి మీటరు ఎత్తున పెట్టాలి. దానిలోకి 20 కిలోల నీళ్ళు రోజుకు రెండు మూడు సార్లు ఎత్తిపోసేది మీరే తప్ప కిట్టు ఇచ్చినవారు కాదు. అందుచేత మడిని కుళాయి చుట్టుపక్కలే వేసుకుని, రబ్బరు గొట్టంతో నేరుగా బకెట్టు నిండే ఏర్పాటు చేసుకోండి. అది కుదరకపోతే పక్కనే రెండు మెట్లు కట్టించుకుని, సగం బిందె చొప్పున పోయండి. ఆడవారి నడుము నొప్పి మీద ఆధారపడి నడిచే తోటను చవక తోట అనడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: బత్తాయి తోట తీసేశాక పాత డ్రిప్ పైపులు మిగిలాయి. పెరట్లో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి వాటిని తగిలించాను. మొదట్లో ఉన్న నాలుగైదు డ్రిప్పర్ల నుంచే నీళ్ళు వస్తున్నాయి, చివరకు చుక్క రావడం లేదు. పైపులు పాడైపోయాయంటారా?
— ఒక రైతు, తాడిపత్రి ప్రాంతం

జవాబు: పైపులు బాగానే ఉండి ఉంటాయి, చాలనిది పీడనం. పొలంలో వాడే డ్రిప్పర్లను దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి ఒత్తిడికి సరిపడేలా తయారు చేస్తారు. మీ డ్రమ్ము మీటరు ఎత్తున ఉంటే అందులో పదో వంతే వస్తుంది. మామూలు డ్రిప్పరైతే నీరు మూడో వంతుకు పడిపోతుంది. లోపల రబ్బరు పొర ఉండి పీడనాన్ని సరిచేసే రకమైతే ఇంత తక్కువ ఒత్తిడిలో సరిగా పనిచేయనే చేయదు. పైకి కనిపించే డ్రిప్పర్లయితే వాటిని పీకేసి, ఆ రంధ్రాల్లో సన్నని మైక్రో ట్యూబు ముక్కలు గుచ్చండి. లోపలి వ్యాసం 1.2 మిల్లీమీటర్లున్న ట్యూబు మీటరు పొడవున పెడితే, మీటరు ఎత్తు నుంచి గంటకు సుమారు రెండు లీటర్లు ఇస్తుంది. ముక్కలన్నీ ఒకే పొడవుండాలి.

తర్వాత మొదటి, నడిమి, చివరి మొక్కల దగ్గర ట్యూబుల కింద మూడు స్టీలు గ్లాసులు పెట్టి, అయిదు నిమిషాల తర్వాత ఆ నీళ్ళను కొలవండి. చివరి గ్లాసులో మొదటి దాని కంటే పావు వంతుకు మించి తగ్గితే పైపు పొడవు తగ్గించాలి, లేదా నేల వాలు చూసుకోవాలి. పొలంలో 30 సెంటీమీటర్ల ఎత్తుపల్లాలకు డ్రిప్ పెద్దగా తేడా చూపదు గాని, మీటరు ఎత్తున్న డ్రమ్ముకు చివరి మొక్క 30 సెంటీమీటర్ల మెరకలో ఉంటే ఉన్న ఒత్తిడిలో దాదాపు మూడో వంతు అక్కడే పోతుంది. వరుస 15 మీటర్లు దాటకుండా, డ్రమ్ము వైపు కొద్దిగా మెరకగా ఉండేలా మడి చదును చేయండి. డ్రమ్ములో నీళ్ళు దిగేకొద్దీ చుక్క మందగిస్తుంది. అన్ని మొక్కలకూ ఒకే తీరున తగ్గుతుంది కాబట్టి దానికి బెంగ అక్కరలేదు.

నీళ్ళు బయటికి వచ్చే రంధ్రాన్ని డ్రమ్ము అడుగుకు నాలుగు వేళ్ళ పైన పెడితే మడ్డి పైపులోకి రాదు. నీలం డ్రమ్మైతే ఎండకు పాచి పడుతుంది, నల్ల రంగు వేయండి. మూత తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నిండు డ్రమ్ము 200 కిలోలకు పైగా బరువుంటుంది కాబట్టి కర్ర బల్లల మీద కాకుండా బండలతో కట్టిన దిమ్మె మీదే నిలపండి, పిల్లలు అటు ఆడుతుంటారు.

ప్రశ్న: మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మూడు నెలలకే ట్యూబు చివర తెల్లగా సున్నం కట్టి మూసుకుపోయింది. మొక్కల చుట్టూ కూడా తెల్లని వలయం కనబడుతోంది. తొలి వాన పడగానే డ్రిప్ ఆపేశాను, రెండు రోజుల్లో మొక్కలు వాడిపోయాయి. ఎందుకు?
— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా

జవాబు: మొక్కలు వాడిపోవడానికి ఎక్కువ అవకాశమున్న కారణం ఆ వలయమే. చుక్క నీరు పడినచోటి నుంచి తడి బయటికి పాకుతూ తనతో పాటు ఉప్పును కూడా అంచులకు నెడుతుంది, వేళ్ళున్న నడిమి భాగం శుభ్రంగా ఉంటుంది. చిరు జల్లు పడి మీరు డ్రిప్ ఆపేస్తే, వాన నీరు ఆ అంచు ఉప్పును కరిగించి తిరిగి వేళ్ళ దగ్గరకే తీసుకొస్తుంది. అందుకే ఉప్పు నీళ్ళ తోటల్లో తొలి జల్లులప్పుడు డ్రిప్ ఆపకూడదు. వాన పడుతున్నా నడుపుతూనే ఉండి, ఉప్పు లోతుకు దిగిపోయేంత గట్టి వాన కురిసిన తర్వాతే కట్టేయాలి. వానలో నీళ్ళు పెట్టడమేమిటని చూసేవారు అనుకోవచ్చు, పట్టించుకోవద్దు.

ఇక ట్యూబుల విషయానికొస్తే, పెరటి కిట్టుకు యాసిడ్ జోలికి వెళ్ళకండి, ఇంట్లో పిల్లలుంటే అది ప్రమాదం. ట్యూబులు లాగి, వినిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ఒక రాత్రి నానబెట్టి, నోటితో ఊదకుండా సైకిలు పంపుతో గాలి కొట్టండి. వారానికొకసారి పైపు చివరి మడత విప్పి, మడ్డి పోయేదాకా నీళ్ళు వదలండి. వేరుశెనగ కాయల పొట్టు దొరికితే పైపు మీదుగా రెండంగుళాల మందాన పరచండి. నేల పైభాగం ఎండదు కాబట్టి నీళ్ళూ మిగులుతాయి, తెల్లగా ఉప్పు పేరుకుపోవడమూ తగ్గుతుంది.

ప్రశ్న: స్నానాల నీళ్ళు, జీవామృతం డ్రిప్‌లో పోయవచ్చా?
— ఒక పాఠకురాలు, మడకశిర

జవాబు: స్నానాల నీళ్ళు వద్దు. వెంట్రుకలు, సబ్బు జిడ్డు ఫిల్టరును రెండు రోజుల్లో పూడ్చేస్తాయి. వాటిని చిన్న కాలువ తీసి మునగకు, అరటికి, బొప్పాయికి మళ్ళించండి. ఆవు పేడ, మూత్రం, బెల్లం వంటివి పులియబెట్టి చేసే ద్రవ జీవామృతాన్ని ఎంత వడకట్టినా నలుసు మిగులుతుంది కాబట్టి చెంబుతో మొదళ్ళలో పోయడమే మేలు. వంద మొక్కలకు అది పెద్ద పని కాదు.

ప్రశ్న: ప్రభుత్వ డ్రిప్ రాయితీ పెరటికి వస్తుందా?
— ఒక పాఠకుడు, పావగడ సరిహద్దు గ్రామం

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం పొలాలను దృష్టిలో పెట్టుకుని నడుస్తున్నది, పాసుపుస్తకం, నీటి వనరు చూపించాలి. పెరటి మడి కోసం దాన్ని నమ్ముకోకండి.

ప్రశ్న: కిట్టు కొనే స్తోమత లేదు. సెలైన్ సీసాలు వేలాడదీసి మొక్కలకు చుక్కలు వదులుతారని విన్నాను. మంచిదేనా?
— ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతంలో గిరిజన రైతులు అలా చేసి పంట తీశారు. సీసా గొట్టానికుండే చిన్న చక్రంతో చుక్కను సరిచేసుకోవచ్చు కాబట్టి ఉపాయం మంచిదే. కాని ఆసుపత్రిలో వాడి పారేసిన సీసాలు, సూదులు ఇంటికి తెచ్చుకోకూడదు. చేతులతో ముట్టే కూరగాయల దగ్గర అసలే వద్దు.

మీకు నేను సూచించేది మట్టి కుండ. అయిదారు లీటర్లు పట్టే, రంగు గానీ మెరుగు గానీ పూయని కుండను మెడ వరకు నేలలో పాతి, చుట్టూ జానెడు దూరంలో మూడు నాలుగు సొర, బీర, కాకర గింజలు పెట్టండి. కుండ నింపి మూకుడు మూయండి. మట్టి ఎండినకొద్దీ కుండ గోడల గుండా నీరు ఊరుతుంది, తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. రెండు మూడు రోజులకొకసారి నింపితే చాలు, వేసవిలో రోజూ చూసుకోవాలి. తీగజాతికి ఇది బకెట్టు డ్రిప్ కన్నా అనువైనదని నా అభిప్రాయం. పాతే ముందు ప్రతి కుండనూ నీళ్ళతో నింపి నీడలో ఉంచండి. కొన్ని గంటల్లో బయటి గోడంతా చెమ్మగిల్లితే పనికొస్తుంది. మర్నాటికీ పొడిగానే ఉంటే అది కాలడం ఎక్కువైన కుండ, మార్చుకోండి. ఒకే చోట ధారగా కారితే పగులున్నట్లు.