డాలర్లలోకి మార్చి చూడొద్దు: విశాఖలో అమ్మ వంటిల్లు బాగుచేయించాలనుకునే తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ వచ్చి తొమ్మిది నెలలైంది. సీతమ్మధారలో అమ్మానాన్నలు ఉంటున్న ఫ్లాట్‌లో వంటిల్లు పాతబడింది. సంక్రాంతికల్లా మాడ్యులర్ కిచెన్, అంటే విడిగా తయారుచేసి తెచ్చి బిగించే పెట్టెల వంటిల్లు, చేయించాలని నీ కోరిక. ఇంటీరియర్ వాళ్లు ఐదున్నర లక్షలు చెప్పారు. "ఆరేడు వేల డాలర్లే కదన్నా, ఇక్కడ పర్సనల్ లోన్ తీసుకుని పంపేయనా?" అని అడిగావు. గట్టుకి క్వార్ట్జ్ వేయించాలా, గ్రానైటా అని కూడా.

నీకంటే చాలా ముందు వచ్చినవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఆ "డాలర్లే కదా" అన్నచోటే నేను దెబ్బతిన్నాను. అందుకే కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నేను 2009లో న్యూజెర్సీ వచ్చాను. అప్పట్లో డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది. రెండు డాలర్ల కాఫీ కనబడితే 96 రూపాయలా అని లెక్కేసి తాగకుండా వచ్చేసేవాణ్ణి. అదే మనిషిని, 2013లో విశాఖలో మా ఇంటి వంటగది పని మొదలుపెట్టేసరికి అన్నిటినీ 55తో భాగించడం మొదలుపెట్టాను. తొంభై వేలు అంటే పదహారు వందలే కదా అనిపించేది. నాన్న ఫోన్‌లో "ఎందుకురా అంత" అన్నప్పుడల్లా "మీకు తెలీదు నాన్నా, ఇక్కడ లెక్కలో అది ఏమంత కాదు" అనేవాణ్ణి. జీవితమంతా జీతం డబ్బులు లెక్కపెట్టి ఇల్లు నడిపిన మనిషికి నేను చెప్పిన మాట అది. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

మాది ఎంవీపీ కాలనీ. సాయంత్రం నడుచుకుంటూ వెళ్తే సముద్రం. వంటింట్లో కడప రాయి అరలు, సిమెంటు గట్టు, పైన అటక ఉండేవి. పాతవే కానీ గట్టివి. నేను ఇక్కడి ఇళ్లలో తెల్లటి మెరిసే క్యాబినెట్లు చూసి, అమ్మకీ అలాంటివే ఉండాలనుకున్నాను. ఒక సంస్థ వాళ్లు కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ గీసి పంపారు. చాలా అందంగా ఉంది. కొటేషన్ 3 లక్షల 40 వేలు. మొత్తం ముందే కడితే ఐదు శాతం తగ్గిస్తామన్నారు. మే నెలలో, రూపాయి 55 దగ్గరున్నప్పుడు మొత్తం పంపేశాను. ఆగస్టు 28న డాలరు 68 దాటింది. మూడు విడతలుగా పంపి ఉంటే నాకు కొన్ని డాలర్లు మిగిలేవి. రూపాయి ఎటు పోతుందో ముందు చెప్పగలిగేవాడు లేడు, నిజమే. కానీ అసలు నష్టం అది కాదు. డబ్బంతా చేతిలో పడ్డాక వాళ్లు ఫోన్ ఎత్తడం తగ్గించేశారు. ఆరు వారాల పని ఐదు నెలలైంది. అన్ని రోజులూ అమ్మ హాల్లో ఓ మూల బల్లమీద స్టవ్ పెట్టుకుని వండింది.

ఇంకో సంగతి. కొటేషన్ చదరపు అడుగుల్లో ఉంటుంది. ఏది కొలిచి ఆ చదరపు అడుగులు లెక్కేశారో అడగాలి. తలుపులు కనిపించే ముందువైపు కొలతా, లోపలి పెట్టెలతో (క్యాబినెట్లతో) కలిపా, అటక అందులో ఉందా? నేను అడగలేదు. అటక వేరు, గిన్నెలు పెట్టే స్టీలు బుట్టలు వేరు, డ్రాయర్లు జారే చానెళ్లు వేరు, సింకు, కుళాయి, చిమ్నీ, కరెంటు పాయింట్లు వేరు, పగలగొట్టిన చెత్త మోయించడం కూడా వేరు. చివరికి 4 లక్షల 60 వేలు దాటింది.

కొటేషన్‌లో "ఇంజనీర్డ్ వుడ్" అని రాసి ఉంటే చెక్కే అనుకున్నాను. అది పార్టికల్ బోర్డు, అంటే రంపపు పొట్టూ చెక్క ముక్కలూ జిగురుతో కలిపి నొక్కిన అట్ట. చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బిందంటే మళ్లీ మామూలు కాదు. ఏడాది తిరక్కుండానే హింజెస్‌కి, అంటే తలుపుల బందులకి, తుప్పు మొదలైంది. మన ఊరి ఉప్పుగాలికి గేట్లూ, కిటికీ ఊచలే ఆగవు, అవెంత? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. వంటింటి కిటికీ అద్దం పగిలి, రోజంతా వాన లోపలికే కొట్టింది. తర్వాత కొన్ని రోజులు కరెంటు లేదు, తడి ఆరలేదు. లైన్లు కలిశాక నాన్న వీడియోలో చూపించారు. సింకు కింద పెట్టె అడుగుభాగం వేలితో నొక్కితే చాయ్‌లో నానిన రస్కులా లోపలికి దిగిపోతోంది. ఆ సంస్థని అడిగితే నీళ్లవల్ల పాడైతే వారంటీ వర్తించదన్నారు. అటక మీద మిగిలిన పాత కడప రాయి అర మాత్రం చెక్కుచెదరలేదు.

2015 డిసెంబర్‌లో ఇంటికి వెళ్లాను. పొద్దున్నే వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ పీట మీద నిలబడి ఉప్మా కలుపుతోంది. పూజగదిలోని పాత చెక్కపీట అది. ఇక్కడ గట్టు ఎత్తు 36 అంగుళాలు ఉంటుంది, అదే కొలత ఇచ్చేశాను. ఇక్కడి స్టవ్ గట్టుకి సమానంగా అమరిపోతుంది, మన గ్యాస్ స్టవ్ గట్టు మీద ఇంకో నాలుగైదు అంగుళాలు లేస్తుంది, దానిపైన గిన్నె. అమ్మ నాలుగడుగుల పదకొండు అంగుళాల మనిషి. రెండేళ్లుగా రోజూ ఆ పీట మీద ఎక్కి దిగుతోందట, నాకు చెప్పలేదు. "నువ్వు అంత డబ్బు పెట్టావు కదరా" అంది.

2016లో మూడు వారాలు సెలవు పెట్టి నేనే దగ్గరుండి మళ్లీ చేయించాను. తొమ్మిదేళ్లకి పైనే అయింది, ఇప్పటికీ ఒక్క తలుపు కూడా వేలాడలేదు. కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్ము.

పెట్టెలకి బీడబ్ల్యూపీ ప్లై, అంటే మరిగే నీళ్లనీ తట్టుకునే ప్లైవుడ్, దాని మీద ఐఎస్ 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్నదే. ఆ రకాన్ని 72 గంటలు మరుగుతున్న నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. ఐఎస్ 303 ఉంటే అది మామూలు రకం, బీరువాలకి సరిపోతుంది, సింకు దగ్గరికి వద్దు. షీట్ కోసే ముందే ఆ ముద్రని నాన్నగారితో ఫొటో తీయించు, కోశాక ఏది ఏదో తేలదు. కోసిన అంచులన్నీ, కనిపించని వెనకవైపు కూడా, మూయించాలి. చెమ్మ అంచులోంచే ఎక్కుతుంది. హింజెస్, చానెళ్లు, బుట్టలు 304 స్టీలు అని బిల్లు మీద రాయించు. "ఎస్ఎస్" (స్టెయిన్‌లెస్ స్టీల్) అని మాత్రమే అంటే అది 202 రకం కావచ్చు, అందులో నికెల్ తక్కువ, సముద్రం దగ్గర తొందరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు, తెలియదు. 202కి కూడా అయస్కాంతం అంటుకోదు.

గట్టుకి క్వార్ట్జా, గ్రానైటా అని అడిగావు. గ్రానైటే. క్వార్ట్జ్‌లో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి జిగురు. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడుతుంది. అమ్మలకి దించినచోటే పెట్టే అలవాటు, దాన్ని మార్చమని మనం ఎందుకు చెప్పాలి? ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా కొంటారు. నీలం కావాలంటే మన పక్కన శ్రీకాకుళం జిల్లా రాయి ఉంది. పాలరాయి మాత్రం వద్దు, నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుపు పోతుంది. తలుపులకి మెరిసే అక్రిలిక్ కాకుండా ఒక మిల్లీమీటరు మందం ఉన్న, మెరవని మ్యాట్ లామినేట్ (పైన అంటించే షీటు) చాలు. చిమ్నీ గొట్టం వంపులు లేకుండా దగ్గర్లో బయటికి పోవాలి, లేకపోతే ఎన్ని వేలు పెట్టినా తాలింపు పొగ ఇంట్లోనే. సిలిండర్ పెట్టే అరకి కింద గాలి ఆడేలా రంధ్రాలుండాలి. గోడ పగలగొట్టేది ఉంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని ముందే అడగాలి. మన దేశంలో ఎన్నారైలు తెరిచే ఎన్నార్వో, ఎన్నార్‌ఈ బ్యాంకు ఖాతాల నిబంధనలు మీ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో.

ఇక లోన్ సంగతి. వద్దు తమ్ముడూ. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నావు, ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులే. ఆ 60 రోజుల్లో అద్దె, కారు ఈఎంఐ, ఇన్సూరెన్స్ ఏవీ ఆగవు. నీ ఖాతాలో ఆరునెలల ఖర్చు లేకుండా విశాఖలో ఒక్క షీటు ప్లై కూడా కొనొద్దు. నాకు 2013లో ఆ డబ్బు లేదు. మా మేనేజర్ మీటింగ్‌కి పిలిచిన ప్రతిసారీ కడుపులో తిప్పేది, ఆ టెన్షన్‌లో ఓ ఏడాది సరిగ్గా నిద్రపోలేదు. అక్కడ అమ్మకి గట్టు అందడంలేదు, ఇక్కడ నాకు నిద్రలేదు. డబ్బులు మాత్రం ఇద్దరికీ పోయాయి.

ఆ ఐదున్నర లక్షల కంటే తక్కువలో అయ్యే దారి ఉంది. మీ పాత ఫ్లాట్‌లో సిమెంటు, కడప రాయి అరలు ఉండే ఉంటాయి. వాటిని పగలగొట్టనివ్వకు. నీళ్లొచ్చినా, చెద వచ్చినా వాటికేమీ కాదు. వాటికి ముందు ప్లై తలుపులు మాత్రం బిగించి, గట్టు మీద రాయి మార్చి, మంచి సింకు, లైటు, చిమ్నీ పెడితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంటీరియర్ వాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. బాగా పనిచేసే వడ్రంగి మేస్త్రి చాలు, నాన్నగారికి తెలిసినవాళ్లు ఉంటారు. డబ్బు మూడు నాలుగు విడతలుగా ఇవ్వు. సరుకు ఇంటికొచ్చాక కొంత, పెట్టెలు నిలబడ్డాక కొంత. చివరి పదో వంతు మాత్రం అమ్మ వారం రోజులు వండి, అన్ని డ్రాయర్లూ తెరిచి మూసి చూశాకే.

సంక్రాంతి గడువు మర్చిపో. ఈ ఆదివారం ఫోన్ చేసి, అమ్మని గట్టు ముందు నిలబెట్టి, నేలనుంచి ఆవిడ మోచేయి ఎంత ఎత్తులో ఉందో నాన్నగారితో టేపు పెట్టి కొలిపించు. గట్టు దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుండాలి. మా అమ్మకి గట్టు ఎత్తు 31 అంగుళాలు వచ్చింది. ఆ కొలతా, వాళ్లిచ్చిన కొటేషన్ ఫొటోలూ పంపు. ఏ లైన్లో ఏం దాచారో నేను చూసి చెప్తాను.