జోనింగ్ నిబంధనలు సడలిస్తే అద్దెకుండేవాళ్లకు నష్టమా?

ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎన్ని ఇళ్లు కట్టొచ్చో చెప్పేవే జోనింగ్ నిబంధనలు. వాటిని సడలించి ఒక ఇల్లుండే స్థలంలో నాలుగు ఇళ్లకు అనుమతిస్తే అద్దెదారులు రోడ్డున పడతారన్న భయం ఉత్తిది కాదు. చట్టం మారగానే ముందు పెరిగేది స్థలం విలువ. కొత్త ఇళ్లు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పాత, చవక ఇళ్లను కూల్చడం యజమానికి లాభం. అసలు చిక్కు ఇక్కడే.

అలాగని మార్పే వద్దనలేం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 2016లో నివాస స్థలాల్లో దాదాపు ముప్పాతిక భాగానికి నిబంధనలు సడలించారు, ఆ తర్వాత నిర్మాణాలు బాగా పెరిగాయి. ఇళ్లు పెరగకపోతే అద్దెలు దిగవు.

కాబట్టి మీ దగ్గర ఈ నిబంధనల మార్పుకు వచ్చే ముసాయిదాలో ఒకటి తప్పక వెతకండి: కూల్చే ఇంట్లో ఉంటున్నవాళ్లకు పరిహారం, తిరిగొచ్చే హక్కు రాశారా? లేకపోతే అభ్యంతరం ఇప్పుడే చెప్పండి. ఇళ్లు పెరిగితే డ్రైనేజీ తట్టుకుంటుందా అనీ అడగండి.